మూతరాయి

మా అమ్మాయి తబిత జ్ఞాపకార్థ కూడిక రోజున నా భార్య కెజియా ఎడమచేత్తో అన్నం తింది.

పాస్టరుగారి ప్రార్థన ముగిశాక షామియానా కింద విస్తళ్లు వేశారు. మా మేనత్త రాహేలమ్మ పప్పు వడ్డిస్తూ వచ్చి కెజియా ముందు ఆగింది.

"ఇదేంటమ్మాయ్, ఎడంచేత్తో తింటన్నావు? కుడిచేతికేమైంది?"

"ఏం కాలేదత్తా."

"ఏం కాకపోతే ఇదేం తిండి? నలుగురూ చూత్తన్నారు. అంత చదివినదానివి, నీకు మేం చెప్పాలా?"

కెజియా ఇంకో ముద్ద కూడా ఎడమచేత్తోనే కలుపుకుంది. ఆమె కుడిచెయ్యి ఒళ్లో ఉంది. మెత్తటి నూలుగుడ్డ వదులుగా చుట్టి, వేళ్లు కొంచెం ముడిచి ఉంచింది.

"దెబ్బ తగిలిందత్తా, వదిలెయ్" అన్నాను నేను.

అది నిజం కాదు. నిజం చెప్పాలంటే ఆమె చేసే పని గురించి చెప్పాలి. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లకు అంత పెద్ద సంగతి చెప్పే ఓపిక నాకు లేదు.

కెజియా పని రాళ్ల మంచిచెడ్డలు తేల్చడం. కాకినాడలో ఒక ప్రయోగశాలలో చేసేది. చమురు కోసం, గ్యాసు కోసం బావి తవ్వాక అందులోకి తీగ మీద పరికరాలు దించుతారు. అవి పైకి వస్తూ ప్రతి అడుగులోనూ రాతిని పరీక్షించి పంపే కొలతలు పొడుగాటి కాగితం మీద గీతలుగా పడతాయి. ఆ గీతల్ని లాగ్ అంటారు. వాటిని చూసి, ఈ రాయి మంచిది, ఇది పనికిరాదు అని ఆమె చెప్పేది.

ఒక ఆదివారం పొద్దున్న టిఫిను దగ్గర తబిత అడిగింది. "అమ్మా, గ్యాసు నేలకింద చెరువులో నీళ్లలా ఉంటుందా?"

"చెరువులా ఉండదు. రాతి కన్నాల్లో ఉంటుంది. ఆ ఇడ్లీ విరిచి చూడు. కన్నాలున్నాయా?"

"ఉన్నాయి."

"సాంబారు పోస్తే లోపలిదాకా పీలుస్తుంది కదా. అంటే కన్నాలు ఉండడమే కాదు, ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయన్నమాట. అది మంచి రాయి. కన్నాలుండీ కలవకపోతే ఏమీ బయటికి రాదు. ఇక ఆ మంచి రాయి మీద గట్టి బంకరాయి ఒకటి మూతలా కూర్చోవాలి. లేకపోతే గ్యాసు ఎప్పుడో పైకి పోయేది. దాన్ని మూతరాయి అంటాం."

తబిత నా వైపు కంచం జరిపింది. "నాన్నా, ఇంకో రెండు మంచి రాళ్లు వెయ్యి."

మా గోదావరి నేలలో ఒక చిక్కుంది. ఇసుకపొర, మట్టిపొర, మళ్లీ ఇసుకపొర, కాగితాలు పేర్చినట్టు ఉంటాయి. గీతలు వాటి సగటునే చూపిస్తాయి. ఆ సగటును నమ్మి మంచి రాళ్లను కూడా వట్టివని వదిలేసిన బావులు చాలా ఉన్నాయట. అందుకని కెజియా వాళ్ల ప్రయోగశాల ఒక చేతి తొడుగు తయారుచేసింది. బావిలో పరికరం రాతిని తాకితే ఆ స్పర్శ తీగగుండా తొడుగులోకి, తొడుగులోంచి చేతి నరాల్లోకి వస్తుంది. కాగితంమీద కనబడని పొరలు వేలికొసలకు తెలుస్తాయి. గరుకు, నునుపు, తడి, జిడ్డు, పగులు, అన్నీ.

మొదటి బావి చదివి ఇంటికొచ్చిన సాయంత్రం ఆమె చెప్పులు కూడా విప్పకుండా చెప్పడం మొదలుపెట్టింది. "తడిసిన పంచదార పట్టుకున్నట్టు ఉందండీ. మధ్య మధ్య సబ్బుముక్కలా మట్టి. ఇన్నాళ్లూ గీతల్లో చూసింది దీన్నేనా అనిపించింది."

ఇబ్బంది తరవాత బయటపడింది. తొడుగు విప్పినా రాయి చేతిని వదిలేది కాదు. మొదట్లో కాసేపే ఉండేది. రానురాను మర్నాటిదాకా ఉండిపోయేది. అన్నం ముద్ద కలిపితే ఇసుక తగిలేది. తబితకు జడ వేస్తే జుట్టు తెలిసేది కాదు, గట్టిగా లాగేసేది.

"రాయి చెయ్యితో వెయ్యకమ్మా, నాన్న వేస్తాడులే" అనేది తబిత. నేను వేసిన వంకర జడతోనే బడికి వెళ్లేది.

అప్పుడు ప్రయోగశాలవాళ్లు చెయ్యి కడగడం అనే పద్ధతి పెట్టారు. గోరువెచ్చని ఉప్పునీళ్లలో మెత్తటి ఒండ్రు కలిపిన తొట్టిలో చెయ్యి ఉంచి, పాత స్పర్శ పూర్తిగా పోయేదాకా కదపాలి. కడగకుండా కొత్త బావి చదివితే పాత రాయి కొత్తదాని మీద పడి తప్పు చెప్పిస్తుంది. కొన్నాళ్లకు డాక్టర్లు ఇంకో మాట చెప్పారు. ఆమె చేతికి తనంతట తాను వదిలే గుణం పోయిందనీ, చాలాసేపు పట్టుకున్నది ఏదైనా కడిగేదాకా అందులోనే ఉంటుందనీ అన్నారు. మానెయ్యమన్నాను. "ఈ ఏడాది చూసి మానేస్తానండీ" అంది. ఆ పనంటే ఆమెకు ఇష్టం. నేను మళ్లీ అనలేదు.

తబితకు జ్వరం వచ్చి మెదడుకెక్కింది. కబురు అందినప్పుడు కెజియా అప్పుడే చెయ్యి కడుక్కుని ఉంది. అలాగే ఆసుపత్రికి వచ్చి పాప చెయ్యి పట్టుకుంది. చివరిదాకా వదల్లేదు.

సమాధి చేసి వచ్చిన మర్నాడు పొద్దున్న ఆమె మంచంమీద కూర్చుని కుడిచేతి వంక చూసుకుంటోంది.

"ఏవండీ" అంది మెల్లిగా. "ఇది పోలేదు."

"ఏది?"

"పాప చెయ్యి."

నేను పక్కన కూర్చున్నాను. ఆమె కళ్లు మూసుకుని ఒక్కొక్కటే చెప్పింది. వెచ్చగా ఉంది. అరచేతిలో కొంచెం చెమట. పెన్సిలు పట్టుకునే వేలి పక్కన చిన్న కాయ. కొరుక్కున్న గోళ్లు. చెయ్యి వెనకవైపు, సెలైను సూది కదలకుండా అతికించిన ప్లాస్టరు, దాని అంచు ఒక మూల కొంచెం లేచి ఉంది. అప్పుడప్పుడు వేళ్లు బిగిసి మళ్లీ వదులవుతాయి.

నేను నా చెయ్యి ముందుకు చాచాను. ఆమె చటుక్కున తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"తాకకండి. చెరిగిపోతుందేమో."

ఆ రోజు నుంచి ఆమె ఆ చేత్తో ఏ పనీ చేయలేదు. స్నానం చేసేటప్పుడు ప్లాస్టిక్ సంచి కట్టుకునేది. ప్రయోగశాలకు సెలవు పెట్టింది. పొద్దున్నే టీ తాగుతూ నాకు చెప్పేది, ఇవాళ వేళ్లు గట్టిగా పట్టుకుందండీ, ఇవాళ కొంచెం చల్లబడినట్టుంది, మళ్లీ వెచ్చబడింది అని. నేను వినేవాణ్ణి. ఒకే ఇంట్లో ఒకరికి పాప చెయ్యి ఉంది, ఒకరికి లేదు. నాకు ఆమె మీద కోపం వచ్చిన రోజులున్నాయి. ఆ కోపం న్యాయమైంది కాదని తెలుసు. అయినా వచ్చేది.

నేను పనిచేసే బడి ఇసకపాలెంలో ఉంది. కాలువ దాటితే ఊరు. ఊరి చివర, కొబ్బరితోట వెనక, ఎప్పుడో మూసేసిన గ్యాసు బావి ఒకటుంది. ఆ వేసవిలో బడి వెనక చేతిపంపు నీళ్లలో బుడగలు రావడం మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలు పంపు మూతి దగ్గర అగ్గిపుల్ల గీసి చూపించారు. నీలంగా మంట అంటుకుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను వాళ్లను లోపలికి పంపి, పంపుకి గొలుసు వేయించి, మండలాఫీసుకి ఫోను చేశాను.

ఆ వారంలోనే సోమయాజులుగారు మా ఇంటికి వచ్చారు. ఆయన కెజియా పనిచేసే విభాగానికి పెద్ద. తబిత పోయినప్పుడు కూడా వచ్చి, మాట్లాడలేక తిరిగి వెళ్లిపోయిన మనిషి.

కుర్చీ అంచున కూర్చున్నారు. టీ ముట్టుకోలేదు.

"అమ్మాయ్, నిన్ను అడగడానికి నోరు రావడం లేదు" అన్నారు.

"అడగండి సార్."

"ఇసకపాలెం బావి. కింద ఇసుకరాతిలో గ్యాసు ఒత్తిడి పెరిగింది. మూతరాయి ఎక్కడో పగిలిందని అనుమానం. పగిలితే గ్యాసు ఊరి కిందకి చేరి ఉంటుంది. పగల్లేదంటే ఆ బుడగలు పైపొరల్లోవి, భయం లేదు. గీతలు చూశాం. పాత ఇనప గొట్టం అడ్డు, ఏమీ తేలడం లేదు. గొట్టం అవతల రాయి తెలిసేది తొడుగుకి ఒక్కదానికే."

"ముందు ఊరు ఖాళీ చేయించండి."

"అడిగాను. అనుమానం మీద అంత ఊరిని ఎలా లేపమంటారండీ అంటున్నారు పైవాళ్లు. ఇంకోటి. లేపినా సరిపోదు. పగులు ఎంత లోతులో ఉందో తెలిస్తే అక్కడికి సిమెంటు పంపి మూసెయ్యొచ్చు. తెలియకుండా పంపితే ఆ ఒత్తిడికి ఇంకోచోట చీలుతుంది."

"ఇంకెవరూ లేరా?"

"ఇంకో అమ్మాయి నేర్చుకుంటోంది. ఇసుకకీ మట్టికీ ఇంకా తేడా పోల్చుకోలేదు. ఏడాది పడుతుంది కదా, నీకు తెలుసు."

కెజియా గుడ్డ చుట్టిన చేతి వంక చూసుకుంది. "కడగాలి కదా సార్."

"కడగాలమ్మా."

ఆయనకు సంగతి తెలుసు. ప్రయోగశాల డాక్టరుకి ఆమే చెప్పింది. అందుకే ఆయన ఆమె ముఖంలోకి చూడకుండా నా వైపు తిరిగారు. "మాస్టారూ, మీరేమంటారు?"

నేనేమనగలను? వెళ్లొద్దంటే ఇసకపాలెంలో నా ఎదురుగా బెంచీల మీద కూర్చునే పిల్లలున్నారు. వెళ్లమంటే ఆ చెయ్యి కడిగెయ్యమని చెప్పినట్టే. "ఆమె ఇష్టమండీ" అన్నాను. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు.

ఆయన వెళ్లాక కెజియా ఆయన ముట్టని టీ కప్పు ఎడమచేత్తో తీసి లోపల పెట్టి వచ్చింది. తరవాత, "మీరు కూడా రండి" అంది.

మర్నాడు పొద్దున్న కొబ్బరితోట పక్కన లాగింగు వ్యాను నిలబడి ఉంది. బావి మూతి దగ్గర హెల్మెట్లు పెట్టుకున్న మనుషులు పరికరాన్ని తీగకు తగిలిస్తున్నారు. కాస్త దూరంలో ఊరివాళ్లు కొందరు చేరి చూస్తున్నారు.

"ఆయ్ మాస్టారూ, మళ్లీ గ్యాసు పడిందేటండీ మా ఊళ్లో?" అని అరిచాడు ఒకాయన. "పడితే మా పొలంలో పడినట్టు రాయించండీ!"

అందరూ నవ్వారు. నేను చెయ్యి ఊపాను.

వ్యానులో ఒకవైపు తెరలు, ఇంకోవైపు బల్ల, బల్లమీద తొట్టి. ఉప్పునీళ్లు కలిపి సిద్ధంగా ఉంచారు. "కొంచెంసేపు మీరంతా బయట ఉండండి" అంది కెజియా. మేం దిగాం. తోటలో ఎవరో కాయలు దింపుతున్నారు, ఆ చప్పుడు వింటూ నిలబడ్డాం. లోపల్నుంచి ఆమె పిలిచేసరికి తొడుగు మోచేతిదాకా వేసుకుని కూర్చుని ఉంది.

పరికరం దిగింది. తరవాత నెమ్మదిగా పైకి లాగడం మొదలుపెట్టారు. సోమయాజులుగారు తెర మీద లోతు చూస్తూ, "మూతరాయి అడుగుకి వచ్చింది" అన్నారు.

కెజియా కళ్లు మూసుకుంది. ఆమె ముఖంలో బిగువు సడలింది. అంత ప్రశాంతంగా ఆమెను తబిత పోయాక నేను చూడలేదు.

"ఎలా ఉందమ్మా?"

"బాగుంది సార్. మెత్తగా, నున్నగా ఉంది."

"మట్టి పాలు ఎక్కువన్నమాట. పగులు?"

"లేదు. వెచ్చగా ఉంది."

"ఆ లోతులో వేడి ఉంటుంది. ఇంకా?"

"కొంచెం తడి. ఒకచోట సన్నగా అంచు ఒకటి తగులుతోంది. ఏదో అతికించినట్టు. ఒక మూల లేచింది."

"పాత సిమెంటు అంచు అయ్యుంటుంది" అన్నారు సోమయాజులుగారు. ఆయన గొంతులో ఊరట వినిపించింది. పక్కన నిలబడ్డ ఇంజనీరు వైపు తిరిగి, "మూత గట్టిగానే ఉందండీ. పైవాళ్లకి చెప్పెయ్యండి" అన్నారు. ఇంజనీరు జేబులోంచి ఫోను తీశాడు.

ఆ వ్యానులో ఆ అంచు ఏమిటో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. రోజూ పొద్దున్న టీ తాగుతూ విన్నాను. ఆమె చెయ్యి కడగలేదు. మోసం చేయాలని కాదు. తొడుగు వేసుకున్నా పాప చెయ్యి అడుగున ఎక్కడో ఉంటుందనీ, రాయి దానిమీంచి వెళ్లిపోతుందనీ, రెండూ దక్కుతాయనీ అనుకుని ఉంటుంది. చెప్పేదంతా రాతి గురించేనని ఆమె నిజంగా నమ్ముతోంది. నేను మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు.

"కెజియా" అన్నాను. "అది ప్లాస్టరు."

ఆమె కళ్లు తెరిచింది. నా వంక చూసింది. అలాంటి చూపు ఎవరి మీదా పడకూడదు.

"ఆగండి" అంది ఇంజనీరుతో. "ఫోను చెయ్యకండి. సార్, పరికరం మళ్లీ అడుగుకి దించమనండి."

"ఏమైందమ్మా?"

"నేను చెప్పింది రాతి గురించి కాదు."

ఈసారి మమ్మల్ని బయటికి పొమ్మనలేదు. తొడుగు విప్పి తొట్టి ముందు కూర్చుంది. చెయ్యి నీళ్ల మీద పట్టుకుని ఉండిపోయింది. సోమయాజులుగారు తెర వైపు తిరిగి నిలబడ్డారు. ఇంజనీరు దిగి వెళ్లిపోయాడు. తొందరపెట్టినవాళ్లెవరూ లేరు.

"ఇప్పుడు పట్టుకుంది" అంది నాకు మాత్రమే వినపడేలా. "గట్టిగా పట్టుకుంది."

"ఊ."

"వదిలేదాకా ఆగుతాను."

ఆగాం. బయట బావి దగ్గర మోటారు చప్పుడు ఆగింది. కాసేపటికి ఆమె తల ఊపి చెయ్యి నీళ్లలోకి దించింది. ఒండ్రు లేచి నీళ్లు బురదరంగుకి తిరిగాయి. ఆమె వేళ్లు కదుపుతోంది. నేను ఆమె ఎడమభుజం మీద చెయ్యి వేశాను. ఆమె ఏడవలేదు. పోతున్నవాటిని ఒక్కొక్కటిగా చెప్పింది. చెమట పోయింది. గోళ్లు పోయాయి. ప్లాస్టరు పోయింది. కాసేపు ఆగి, "వెచ్చదనం ఒక్కటే ఉంది" అంది. ఆ తరవాత ఏమీ చెప్పలేదు.

చెయ్యి పైకి తీసి తుడుచుకుని తొడుగు వేసుకుంది. "లాగండి" అంది.

ఈసారి ఆమె గొంతు పనిలో ఉన్న మనిషి గొంతు. "బంకరాయి. పొడిగా ఉంది. పలకలు పలకలుగా. ఇంకా పైకి. మెల్లిగా. ఆపండి. ఇక్కడ. నిలువుగా చీలింది సార్. వేలు దూరేంత కాదు, గోరు దూరుతుంది. లోపల చల్లగా కదులుతోంది. గ్యాసు పైకి పోతోంది. ఈ లోతు రాసుకోండి."

మధ్యాహ్నానికి మైకులో చాటించారు. ఇసకపాలెం వాళ్లను కాలువ ఇవతల పెద్ద ఊరి కాలేజీకి తరలించారు. ఆమె చెప్పిన లోతుకి సిమెంటు పంపారు. ఊరి చుట్టూ గొట్టాలు దింపి, కింద చేరిన గ్యాసును కొన్ని రోజులపాటు మెల్లిగా గాలిలోకి వదిలారు. ఏ ప్రమాదమూ జరగలేదు. ఒక్క ఇల్లూ కాలలేదు. అందువల్ల ఎవరికీ ఏమీ కనబడలేదు. పెద్ద హడావిడి చేసి ఊరంతా లేపారని వారం తిరక్కుండానే విసుక్కోవడం మొదలుపెట్టారు.

సోమయాజులుగారు కెజియాను మళ్లీ ప్రయోగశాలకు తీసుకెళ్లి చెయ్యి కడిగించారు. మూతరాయి పోలేదు. ఉప్పు పెంచారు, నీళ్లు మార్చారు. పోలేదు. ఆ చేతికి ఇక కడిగినా వదిలే గుణం లేదని డాక్టరు చెప్పాడు. పొడి బంకరాయి, నిలువు పగులు, దానిలో చల్లగా కదిలే గాలి. ఇకమీద ఏది పట్టుకున్నా అదే.

పిల్లలకు పుస్తకాలు పంచడానికి నేను కాలేజీకి వెళ్తుంటే కెజియా తానూ వస్తానంది. వరండాలో చాపలు, మూటలు, తాళ్లమీద ఆరేసిన బట్టలు. నూకరత్నమనే ఆవిడ, నా విద్యార్థి ఒకడికి మేనత్త, చంటిపిల్లను ఎత్తుకుని ఎదురొచ్చింది.

"మాస్టారూ, ఎప్పుడంపుతారండీ మమ్మల్ని? గేదె అక్కడే ఉండిపోయింది. పాలు పితికే దిక్కు లేదు."

"ఇంకో రెండు మూడు రోజులమ్మా."

"ఎవరో ఆడాఫీసరు సెప్పిందంటండి, నేల పగిలిందని. ఎక్కడ పగిలిందండీ? మా వోడు ఊరంతా తిరిగొచ్చాడు, బీట కూడా లేదంట. ఆవిడకేం, సెప్పేసి ఎల్లిపోయింది. ఫ్యాను కింద కూర్సునుంటది."

నేను నోరు తెరవబోయాను. కెజియా వద్దన్నట్టు చూసింది.

"పాపను ఒకసారి ఇవ్వండి" అంది నూకరత్నంతో. "మీరు సామాను సర్దుకోండి."

నూకరత్నం పిల్లను అందించి మూట విప్పడానికి కూర్చుంది. కెజియా వరండా గోడకు ఆనుకుని పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. పిల్ల కాసేపు ఆమె ముఖం చూసి, తరవాత ఆమె కుడిచేతి చూపుడువేలు రెండు చేతులతో లాక్కుని నోట్లో పెట్టుకుంది.

"పళ్లొత్తన్నాయండి దానికి" అంది నూకరత్నం తల ఎత్తకుండానే. "ఏది దొరికితే అది కొరికేత్తది. తీసెయ్యండి."

"ఉండనివ్వండి" అంది కెజియా.

పిల్ల కళ్లు చిట్లించి కొరుకుతోంది. చొంగ కెజియా మణికట్టు దాకా కారింది. ఆమె ఆ వేలినే చూస్తూ ఉంది.

"ఏవండీ" అంది. "గట్టిగా కొరుకుతోందా?"

నేను వంగి చూశాను. పిల్ల ఊపిరి పీల్చుకోవడానికి ఒక్క క్షణం వేలు వదిలింది. చర్మం మీద రెండు చిన్న పళ్ల గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి.

"అవును" అన్నాను. "గట్టిగానే."